బంతి ఉన్న పిల్ల ఆగాలి, లేని పిల్ల ఉరకాలి

ప్రశ్న: అక్కా, నేను దేవరకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. మా బడికి పీఈటీ లేరు. ఈసారి ఆడపిల్లల నెట్‌బాల్ టీమ్‌ను తయారుచేసే పని హెడ్‌మాస్టర్ గారు నాకు అప్పగించారు. నాకు తెలిసిన ఆటలు ఖోఖో, కబడ్డీ అంతే. పద్నాలుగు మంది పిల్లలు పేర్లిచ్చారు. బంతి చేతికి రాగానే పట్టుకొని ఉరుకుతున్నారు, లేకుంటే నేలకు కొట్టుకుంటూ పోతున్నారు. అందరూ షూటరే కావాలంటున్నారు. వింగ్ డిఫెన్స్ అనే కాపలా స్థానం ఇచ్చానని ఒక పిల్ల ఏడ్చింది. పోల్స్ లేవు, కోర్టు లేదు. మా స్టాఫ్‌లో ఒక సారు "బోర్డు లేని బాస్కెట్‌బాలే గదా, ఇందులో నేర్పేదేముంది" అంటారు. ఒక తల్లి వచ్చి "కాలు విరిగితే ఎవరు చూస్తరు మేడం" అని అడిగిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ఆట అసలెట్లా ఆడాలి? (ఒక లెక్కల టీచర్, నల్లగొండ జిల్లా)

జవాబు: చెల్లెమ్మా, మీరు రాసిన బాధల్లో అసలైనది మొదటిదే. బంతి చేతికి రాగానే పిల్లలు ఉరుకుతున్నారు. దాన్ని మాన్పించగలిగితే నెట్‌బాల్ సగం నేర్పినట్టే. బంతి చేతిలో లేని ఆరుగురినీ ఉరికించడం మిగతా సగం. ఈ రెండూ కుదిరేదాకా రింగు జోలికి పోకండి. పోల్స్ లేవని మీరు దిగులుపడుతున్నారు గానీ, మొదటి రెండు వారాలు అవి లేకపోవడమే మేలు. రింగు కనబడిందంటే పిల్లల కళ్లన్నీ దాని మీదే ఉంటాయి, కాళ్ల సంగతి ఎవరికీ పట్టదు.

ముందు ఆట రూపం చెప్తాను. జట్టుకు ఏడుగురు. కోర్టును అడ్డంగా రెండు గీతలు గీసి మూడు సమాన భాగాలు చేస్తారు. రెండు కొసల్లో ఒక్కో పోల్, దానికి 10 అడుగుల ఎత్తున రింగు ఉంటాయి. రింగు వెనక బోర్డు ఉండదు. ప్రతి పోల్ ముందూ ఒక అర్ధవృత్తం ఉంటుంది, దాన్ని గోల్ సర్కిల్ అంటారు. గోల్ షూటర్, గోల్ అటాక్ అనే ఇద్దరికే గోల్ వేసే హక్కు, అదీ ఆ సర్కిల్ లోపల నిలబడి వేస్తేనే. రింగు కింద నుంచి వేసినా, సర్కిల్ అంచు నుంచి వేసినా ఒక్క గోలే. పెద్ద మ్యాచ్ అయితే 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. బడి పిల్లలకు ఇంకా తక్కువ సమయం పెట్టుకొని ఆడించవచ్చు. కోర్టులో సగం చొప్పున ఇద్దరు అంపైర్లు చూసుకుంటారు.

ఇక కాళ్ల ముచ్చట. ఇక్కడ ఓపిక పట్టండి, టీమ్‌లు ఓడేది ఇక్కడే. పిల్ల బంతిని గాలిలో అందుకొని ఒక కాలి మీద దిగిందనుకోండి. అది దిగిన కాలు. దాన్ని నేలకు ఆనించి ఉంచి, రెండో కాలును ఎటైనా, ఎన్నిసార్లయినా వేయొచ్చు, చుట్టూ తిరగొచ్చు. దిగిన కాలును పైకెత్తొచ్చు కూడా. అయితే అది మళ్లీ నేలను తాకేలోపే బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి. రెండు కాళ్లూ ఒకేసారి దిగితే ఏ కాలు కదపాలో పిల్ల ఇష్టం, కదపకుండా ఉంచినది దిగిన కాలు అవుతుంది. గెంతడం, కాలు ఈడ్చడం తప్పు. బంతి అందిన క్షణం నుంచి మూడు సెకన్లలో ఎవరికైనా ఇచ్చేయాలి, లేదా గోల్‌కు వేయాలి. బంతిని నేలకు కొట్టుకుంటూ పోవడం ఈ ఆటలో లేదు. సరిగ్గా చిక్కని బంతిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక్కసారి నేలకు తాకనివ్వొచ్చు, లేదా ఒక్కసారి తట్టి పట్టుకోవచ్చు. పిడికిలితో గుద్దకూడదు, కాలితో తన్నకూడదు, నేల మీద దొర్లించకూడదు.

దీన్ని బంతి లేకుండానే నేర్పడం మొదలుపెట్టండి. పిల్లల్ని ఉరికించి, ఈల వేయగానే ఆగమనండి. ఆగిన పిల్లను "ముందు ఏ కాలు దిగింది?" అని అడగండి. చాలామంది చెప్పలేరు, కిందికి చూసుకుంటారు. తన కాలు తనకే తెలియని పిల్లకు రూలు ఎన్నిసార్లు చదివి వినిపించినా ఎక్కదు. "కుడి", "ఎడమ" అని దిగుతూనే అరిచేదాకా ఇదే సాగనివ్వండి. బంతి ఆ తర్వాతే. పట్టాలి, దిగాలి, ఏ కాలో అరవాలి, ఇచ్చేయాలి. పక్కన నిలబడ్డవాళ్లంతా "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టాలి. మొదట్లో ఆ లెక్క విని పిల్లలు బెదిరి బంతిని ఎటో విసిరేస్తారు. రోజులు గడిచేకొద్దీ వాళ్లకే అర్థమవుతుంది, మూడు సెకన్లు నిజానికి చాలా ఎక్కువని. పట్టుకున్న పిల్ల తలెత్తి చూస్తే చాలు, రెండో సెకనుకే ఎవరో ఒకరు ఖాళీగా కనిపిస్తారు.

కనిపించాలంటే ఎవరో ఒకరు ఖాళీలోకి ఉరికి ఉండాలి కదా. మీ దగ్గర ఇప్పుడు జరుగుతున్నది నేను చూడకుండానే చెప్పగలను. బంతి ఒకరి చేతిలో ఉంటుంది, మిగతావాళ్లు దాని చుట్టూ మూగి "నాకెయ్యి, నాకెయ్యి" అని చేతులు చాపుతుంటారు. ఈ ఆటలో అంత దగ్గరి పాస్ చెల్లదు కూడా. ఇచ్చేపిల్ల చేతులకూ అందుకునేపిల్ల చేతులకూ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉండాలి. అందుకని బంతి అడిగేది నోటితో కాదు, కాళ్లతో అని చెప్పండి. ఎడమకు పోతున్నట్టు రెండడుగులు వేసి, ఎదుటి జట్టు కాపలా పిల్ల అటు మొగ్గగానే కుడికి దూకాలి. బంతి ఇచ్చేపిల్ల కూడా తోటిపిల్ల ఇప్పుడు ఉన్నచోటికి కాకుండా, చేరబోయే చోటికి వేయాలి.

పోల్స్ లేని రోజుల్లో దీన్నే ఆటగా ఆడించండి. కోర్టులో మూడో వంతు అంత జాగాలో నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. నలుగురూ బంతి పోగొట్టుకోకుండా పది పాస్‌లు ఇచ్చుకుంటే ఒక పాయింటు. రింగు ఊసే ఉండదు, ఐనా పిల్లలు ఇంటికి పోరు.

తర్వాత స్థానాలు. ప్రతి పిల్లా ముందూ వెనకా అక్షరాలున్న బిబ్, అంటే బట్టల పైన కట్టుకునే గుడ్డ, వేసుకుంటుంది. ఆ అక్షరాలే ఆమె ఎక్కడిదాకా పోవచ్చో చెబుతాయి. జీఎస్, అంటే గోల్ షూటర్, తమ జట్టు గోల్ వేసే కొసనున్న భాగంలోనే ఉంటుంది, సర్కిల్‌తో సహా. జీఏ, గోల్ అటాక్, ఆ భాగంలోనూ సర్కిల్‌లోనూ తిరుగుతుంది, నడిమి భాగంలోకీ వస్తుంది. డబ్ల్యూఏ, వింగ్ అటాక్, గోల్ అటాక్ తిరిగే చోటంతా తిరుగుతుంది, సర్కిల్‌లోకి మాత్రం పోదు. సీ, సెంటర్, మూడు భాగాల్లోనూ పరుగెత్తుతుంది, రెండు సర్కిళ్లూ ఆమెకు నిషేధం. అవతలి కొసన ఇదే వరుస తిరగబడి ఉంటుంది. వింగ్ డిఫెన్స్‌కు తమ వైపు భాగమూ నడిమి భాగమూ, సర్కిల్ లేదు. గోల్ డిఫెన్స్‌కు ఆ రెండూ, సర్కిల్ కూడా. గోల్ కీపర్‌కు తమ వైపు భాగమూ సర్కిలూ, అంతే. జాగా దాటి కాలు పెడితే ఆఫ్‌సైడ్, బంతి చేతిలో ఉన్నా లేకున్నా. ఐతే గీత ఇవతల కాలుంచి, అవతలికి వంగి బంతి అందుకోవడం తప్పు కాదు. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్ల ఎన్నో బంతులు కాపాడుతుంది.

ఇదంతా నల్లబల్ల మీద చెబితే తలనొప్పి. ముగ్గు గీతల మీద నడిపించండి. మీరు "డబ్ల్యూడీ" అనగానే ఆ పిల్ల తనకు చెల్లే జాగా అంచు చుట్టూ ఒక చుట్టు నడిచిరావాలి. మొదట్లో పద్నాలుగు మందీ ఏడు స్థానాల్లోనూ ఆడాలి, బిబ్‌లు రోజూ మారాలి. మీకు పద్నాలుగు మంది దొరకడం అదృష్టం, రెండు నిండు జట్లు. రేపు పోటీ నాడు ఇద్దరు రాకపోయినా ఆట ఆగదు. కనీసం ఐదుగురుంటే, అందులో ఒకరు సెంటర్‌గా ఆడుతుంటే, జట్టు కోర్టులోకి దిగవచ్చు.

మీకు ఖోఖో, కబడ్డీ తప్ప తెలియవన్నారు. ఖోఖో తెలిస్తే చాలా తెలిసినట్టే. తరిమే పిల్ల ఒకసారి దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, నడిమి గీత దాటకూడదు. గీత అంటే ఖోఖో పిల్లలకు అప్పటికే భయభక్తులుంటాయి. తప్పించుకునే పిల్లకు ఉరుకుతూ ఉరుకుతూ ఒక్కసారిగా ఒళ్లు తిప్పడం వచ్చు. సెంటర్‌నూ, రెండు వింగ్‌లనూ వాళ్లలోంచే ఏరుకోండి. కబడ్డీ పిల్లలతోనే మొదట్లో తిప్పలు. ఎదుటిపిల్ల దగ్గరికి రాగానే వాళ్ల చేతులు వాటంతటవే నడుము మీదికి పోతాయి. నెట్‌బాల్‌లో ఒకరినొకరు నెట్టడం, పట్టడం, ఆటకు అడ్డొచ్చేలా తగలడం, అన్నీ తప్పులే. కానీ బెదరని గుండె వాళ్లదే. చేతులు అదుపులోకి వచ్చాయంటే గోల్ కీపర్, గోల్ డిఫెన్స్ వాళ్లలోంచే తయారవుతారు.

ఏడ్చిన పిల్లకు మాత్రం విడిగా కూర్చోబెట్టి ఒక మాట చెప్పండి. అవతలి జట్టు షూటర్‌కు బంతి ఎక్కువగా చేర్చేది వాళ్ల వింగ్ అటాక్. ఆ వింగ్ అటాక్‌ను ఆపేది మన వింగ్ డిఫెన్స్. పాస్ మధ్యలోనే తెంపి బంతిని మన వైపు తిప్పింది ఎవరో ప్రతి మ్యాచ్‌లోనూ పుస్తకంలో రాసుకోండి. గోల్స్ వేసిన పేర్లతో పాటు ఆ పేర్లూ మర్నాడు ప్రార్థన దగ్గర చదవండి. షూటర్ పిచ్చి చాలావరకు చప్పట్లు ఎటు పడతాయన్న లెక్కే.

ఎత్తైన పిల్లను చూడగానే షూటర్ చేయడం ఇంకో అలవాటు. ఎత్తు అక్కరకొస్తుంది, కాదనను. శ్రీలంక షూటర్ తర్జనీ శివలింగం రెండు మీటర్లు దాటిన మనిషి, 2019 ప్రపంచకప్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ వేసింది ఆమే. కానీ అంత ఎత్తు మనిషి మన బళ్లలో దొరకరు. బడి స్థాయిలో అంగుళం రెండంగుళాల తేడా కన్నా చేతి నిలకడే ముఖ్యం. పొడవైన పిల్ల గోల్ కీపర్‌గా ఎక్కువ పనికొచ్చిన జట్లే నేను ఎక్కువగా చూశాను.

కాపలా కాయడంలో ఒక కొలత పిల్లలకు ఒంటబట్టాలి: 0.9 మీటరు, మన లెక్కలో మూడడుగులు. బంతి ఉన్న పిల్ల దిగిన కాలి నుంచి కాపలా పిల్ల దగ్గరి కాలికి అంత దూరం ఉండాలి. అంత దూరంలో నిలబడ్డాక చేతులు చాపొచ్చు, ముందుకు వంగొచ్చు, ఎగరొచ్చు. దగ్గరైతే అడ్డగింత కింద ఈల పడుతుంది. బంతి లేని పిల్లకు ఇంకా దగ్గరగా నిలబడొచ్చు, తగలకూడదు, దారి మూసేలా చేతులు బార్లా చాపకూడదు. మూడడుగుల కర్రలు కొన్ని కోయించి పిల్లల మధ్య నేల మీద పెట్టి ఆడించండి. కొన్నాళ్లకు కర్ర తీసేసినా కాలు అక్కడే ఆగుతుంది.

తగలడం, అడ్డగించడం లాంటి తప్పులకు పెనాల్టీ పాస్ ఇస్తారు. తప్పు చేసిన పిల్ల బంతి ఇచ్చేపిల్ల పక్కన నిలబడి, ఆ బంతి చేయి దాటేదాకా ఆటలో వేలు పెట్టకూడదు. అది సర్కిల్‌లో జరిగిందా, షూటర్లు నేరుగా గోల్‌కు వేసుకోవచ్చు. కాళ్ల తప్పు, మూడు సెకన్ల తప్పు, ఆఫ్‌సైడ్ లాంటి వాటికి అవతలి జట్టుకు ఫ్రీ పాస్. బంతి గీత బయటికి పోతే చివర తాకినవాళ్ల ఎదుటి జట్టు లోపలికి విసురుతుంది.

ఆట మొదలయ్యేదీ, ప్రతి గోల్ తర్వాత మళ్లీ మొదలయ్యేదీ సెంటర్ పాస్‌తో. కోర్టు నడిమధ్యన 0.9 మీటరు వ్యాసం గల చిన్న వృత్తంలో సెంటర్ బంతితో నిలబడుతుంది. ఎదుటి సెంటర్ తప్ప నడిమి భాగంలో ఇంకెవరూ ఉండకూడదు, మిగతావాళ్లంతా గీతల వెనక. ఈల పడగానే రెండు గీతల వెనక నుంచీ దూకుతారు. ఆ మొదటి బంతిని నడిమి భాగంలోనే ఎవరైనా పట్టాలి, లేదా తాకాలి. ఇక్కడొక చమత్కారం ఉంది. గోల్ ఎవరు వేసినా సెంటర్ పాస్ జట్ల మధ్య వంతులవారీగా మారుతుంది. రెండు జట్లూ తమ వంతు పాస్‌ను ప్రతిసారీ గోల్‌గా మార్చుకుంటూ పోతే స్కోరు పక్కపక్కనే నడుస్తుంది. గెలవాలంటే ఎదుటివాళ్ల వంతులో బంతి లాక్కోవాలి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ఫైనల్ అట్లాగే తెగక తెగక రెండుసార్లు అదనపు సమయం దాకా పోయి, న్యూజిలాండ్ 66-64తో ఆస్ట్రేలియాను ఓడించింది. మీ వింగ్ డిఫెన్స్ పిల్లకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అట్లాంటి మ్యాచ్‌లో తెంపిన రెండు పాస్‌లే తేడా.

ఇంకో రూలు కూడా ఇక్కడే చెప్పేయండి. బంతిని ఒక పూర్తి భాగం మీదుగా విసరకూడదు. గోల్ కీపర్ ఒక్క ఊపుతో అవతలి కొసకు విసిరితే చెల్లదు, నడిమి భాగంలో ఎవరో ఒకరు పట్టాలి, కనీసం తాకాలి. ఒక్క బలమైన చేయి ఉన్న పిల్ల మీదే ఆధారపడే ఆట కాకుండా కాపాడేది ఈ రూలే.

రెండు వారాల తర్వాత రింగు కట్టుకోండి. షూటర్ రెండు కాళ్లు భుజాల వెడల్పున పెట్టి, బంతిని తల మీదికి ఎత్తి, ఒక చేయి కింద, ఒక చేయి పక్కన ఉంచాలి. మోచేయి రింగు వైపు చూడాలి. మోకాళ్లు కొంచెం వంచి లేస్తూ, మణికట్టుతో బంతిని పైకి పంపాలి. ముందుకు కాదు, పైకి. వెనక బోర్డు లేదు కాబట్టి కొట్టి తిరిగి పడేయడం కుదరదు, బంతి ఎత్తుకు పోయి నిట్టనిలువుగా దిగాలి. మొదట పోల్‌కు ఒక్క అడుగు దూరం నుంచి. అక్కడ పదికి ఎనిమిది పడ్డాకే వెనక్కి జరగాలి. తర్వాత ఎదురుగా ఒక పిల్లను మూడడుగుల దూరంలో చేతులెత్తి నిలబెట్టి వేయించండి. ఖాళీ రింగుకు బాగా వేసే షూటర్లు ఎదుట చేతులు కనబడగానే తడబడతారు. రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతిని షూటర్ మళ్లీ పట్టి వేయొచ్చని గుర్తుచేయండి. చాలామంది వేసి చూస్తూ నిలబడిపోతారు.

కోర్టు గీయడం మీకు నేను చెప్పాలా, లెక్కల టీచరమ్మకు? పొడవు 30.5 మీటర్లు, వెడల్పు 15.25. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 34.1 మీటర్లు వస్తే మీ కోర్టు మూలలు సరిగ్గా ఉన్నట్టు. పదో తరగతి పిల్లలకు పైథాగరస్‌ను టేపు పట్టించి చూపడానికి ఇదొక మంచి వంక. పొడవును మూడుతో భాగించి 10.17 మీటర్ల దగ్గర అడ్డగీతలు. చివరి గీత సరిగ్గా మధ్యలో మేకు కొట్టి, 4.9 మీటర్ల తాడు కట్టి తిప్పితే గోల్ సర్కిల్ వస్తుంది. సున్నం గానీ ముగ్గు గానీ చాలు.

పోల్స్‌కు దేవరకొండలో ఏ వెల్డింగ్ షాపుకైనా పోండి. రెండున్నర అంగుళాల జీఐ పైపు, నేల మీద 3.05 మీటర్లు ఉండాలి, పాతడానికి రెండడుగులు అదనంగా. రింగు లోపలి వ్యాసం 38 సెంటీమీటర్లు. "లోపలి" అని రెండుసార్లు చెప్పండి, వెల్డర్లు బయటి కొలత పట్టి చిన్నది చేసిచ్చేస్తారు. రింగుకూ పోల్‌కూ మధ్య 15 సెంటీమీటర్ల కడ్డీ ఉంటుంది. పోల్ చుట్టూ పాత పరుపు స్పాంజి ఒకటి తాడుతో చుట్టండి, పిల్లలు చూసుకోకుండా వచ్చి గుద్దుకుంటారు. బంతి చుట్టుకొలత 69 నుంచి 71 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 450 గ్రాములు. అసలు నెట్‌బాల్ వచ్చేదాకా 5వ నంబరు ఫుట్‌బాల్‌తో నడిపించవచ్చు, కొలత, బరువు దాదాపు అంతే. వాలీబాల్ తేలిక, దానితో అలవాటైతే అసలు బంతి చేతికి బరువనిపిస్తుంది. బిబ్‌లకు పాత బెడ్‌షీట్ చింపి, అక్షరాలు పెయింటుతో రాసి, పక్కల నాడాలు కుట్టించండి.

ఇక ఆ తల్లి అడిగిన మాట. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఉరుకుతూ ఒక్కసారిగా ఆగే ఆట ఇది, దెబ్బలు ఎక్కువగా చీలమండకూ మోకాలికీ తగులుతాయి. మోకాలి లోపల ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ తెగి ఏడాది పాటు ఆటకు దూరమైన పెద్ద క్రీడాకారిణులు కూడా ఉన్నారు. అందుకే మొదటి రెండు వారాలు ఆగడమే నేర్పమన్నాను. మోకాలు వంచి, మోకాలు కాలివేళ్ల వైపే ఉండేట్టు, మెత్తగా దిగాలి. కట్టెలా బిగుసుకొని దిగితేనే ప్రమాదం. మన నేల సంగతి మీకు తెలుసు. ఎండిన మొరం మీద కాలు జారుతుంది. రోజూ ఆటకు ముందు పిల్లలతోనే రాళ్లు ఏరించండి, నీళ్లు చల్లించండి. స్లిప్పర్లతో అసలు వద్దు. పట్టున్న బూట్లు లేని పిల్లలతో ఎగిరి పట్టే పని తగ్గించి, కాళ్లు నేల మీదే ఉంచి పాస్‌లు ఆడించండి. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కాలి. ఎండ ముదరకముందు, లేదా సాయంత్రం బడి వదిలాక పెట్టుకోండి. తండాల నుంచి నడిచొచ్చే పిల్లలుంటే చీకటిపడకముందే వదిలేయండి. ఆ తల్లిని ఒక సాయంత్రం పిలిచి గట్టున కూర్చోబెట్టండి. బిడ్డను ఎవరూ పట్టి లాగరని, నెట్టరని కళ్లారా చూస్తే సగం భయం పోతుంది. ఐస్ ముక్కలు ఎక్కడ దొరుకుతాయో, దగ్గరి పీహెచ్‌సీకి బండి ఎవరిదో ముందే మాట్లాడి ఉంచుకుంటే మిగతా సగం.

మీ స్టాఫ్ సారు మాటలో కొంత నిజముంది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాస్కెట్‌బాల్ పుట్టిన కొన్నేళ్లకే అది ఇంగ్లండ్‌లోని ఆడపిల్లల వ్యాయామ కళాశాలకు చేరింది. అక్కడ మారుతూ మారుతూ 1901 నాటికి వేరే రూల్స్ అచ్చయ్యాయి. 1960లో శ్రీలంకలో పలు దేశాలవాళ్లు కూర్చొని ఉమ్మడి రూల్స్ ఒప్పుకున్నారు, 1963లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్‌బోర్న్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగి ఆస్ట్రేలియా గెలిచింది. 1998 నుంచి కామన్వెల్త్ క్రీడల్లో ఉంది. బంధుత్వం ఉన్న మాట నిజం, కాపురాలు వేరు. ఇంకా నమ్మకపోతే సారును కోర్టులోకి పిలవండి. బాస్కెట్‌బాల్ రింగు 45 సెంటీమీటర్లు, ఇది 38, ఎత్తు అదే, బోర్డు లేదు. సర్కిల్ అంచు నుంచి పది బంతులు వేయమనండి. ఆ తర్వాత ఏడుగురిలో నిలబెట్టి, బంతి అందాక ఒక్క అడుగు కూడా ఎక్కువ వేయకుండా ఐదు నిమిషాలు ఆడమనండి. మగవాళ్లూ ఆడే ఆటే, మొహమాటపడనక్కర్లేదు.

పోటీకి పేర్లు పంపేముందు మండల స్కూల్ గేమ్స్ కార్యదర్శిని కలిసి, అండర్-14లోనా, అండర్-17లోనా, ఏ పిల్ల దేనికి వస్తుందో పుట్టిన తేదీలతో సరిచూసుకోండి. క్వార్టర్ ఎన్ని నిమిషాలో, ఎంతమందిని తీసుకురావచ్చో అక్కడే అడగండి. బోనఫైడ్‌లు ముందురోజే సంతకాలు చేయించి పెట్టుకోండి. వెళ్లే రోజు సంచిలో నెయిల్ కట్టర్ ఒకటి వేసుకోండి. గోళ్లు పెరిగి ఉంటే అంపైర్లు కోర్టులోకి రానివ్వరు. గాజులు, పట్టీలు, కమ్మలు కూడా తీసేయమంటారు కాబట్టి ఇంట్లోనే వదిలి రమ్మని ముందురోజే పిల్లలకు చెప్పండి. బస్సు దిగాక విప్పి ఎవరి చేతికో ఇస్తే సాయంత్రం వెతుక్కోవాల్సింది మీరే.